తలల లెక్క

అక్టోబరులో ఒక ఆదివారం
పోలండ్ అంతటా చర్చిల్లో తలలు లెక్కపెడతారు.
లిపీనాలో ఆ పని నాది.
గంట కొట్టేదీ, కొవ్వొత్తుల మైనం గీకేదీ నేనే కాబట్టి
ఇదీ నాకే అంటగట్టారు.

ఎడమ జేబు నిండా ఎండు చిక్కుడు గింజలు.
మనిషి గడప దాటితే
ఒక గింజ కుడి జేబులోకి.
నొక్కితే టిక్కుమనే యంత్రం ఇస్తామన్నారు.
పూజ మధ్యలో ఆ చప్పుడేమిటని వద్దన్నాను.

మొదటి ఏడు జేబు చాలక
టోపీలో పోసుకున్నాను.
ఇప్పుడు జేబులో చెయ్యి పెడితే
గింజ గింజకీ పేరు చెప్పగలను.

ఫాదర్ గెర్వాజీ మంచివాడు, ఈ మాట ముందే చెప్పాలి.
మా ఆవిడ మంచాన పడ్డ నాలుగు నెలలూ
మోకాలి లోతు మంచులో సైకిలు తోసుకుంటూ వచ్చాడు.
ఆ ఎన్నికల ఏడాది మాత్రం
చర్చి కంచెకి ఒక బ్యానరు కట్టమన్నాడు.
కట్టాను. నాలుగు మూలలా నైలాను తాడు.
అందులో నవ్వే మనిషి పళ్ళు
మా బలిపీఠం గుడ్డకన్నా తెల్లగా ఉన్నాయి.

ఆ వారం మందుల షాపు తెక్లా రాలేదు.
జలుబేమో అనుకున్నాను.
పై వారం వాళ్ళక్క, బావ, కవల పిల్లలు.
ఐదు గింజలు
ఎడమ జేబు దాటలేదు.

దారిలో కనబడితే అడిగాను,
దేవుడి మీద కోపమా అని.
రొట్టెల సంచీ చెయ్యి మార్చుకుంటూ అంది:
"ఆయనతో నాకేం తగాదా?
ఆయనది ఏ పార్టీయో తెలియనంతకాలం
బాగానే ఉన్నాం కదా."
నవ్వింది. నేనూ నవ్వాను.
నా నవ్వు వీధి మలుపు దాకా కూడా నిలవలేదు.

కంచే చేను మేసిందని ఊళ్ళో ఎవరో అన్నారు.
పాపం, కంచె ఏం చేసింది?
ముడులు నావి.

ఎన్నికలయ్యాక బ్యానరు విప్పేశాను.
తాడు ఒరిసిన చోట రంగు లేచిపోతే
ఆకుపచ్చ కొని మళ్ళీ వేశాను.
ఇక వస్తారనుకున్నాను.
మూడేళ్ళ తర్వాత, శవపేటిక బండి వెళ్తుంటే,
తెక్లా చెయ్యి నుదుటిదాకా లేచి
తరవాత ఎటు పోవాలో వెతుక్కుని
కోటు గుండీ దగ్గర ఆగింది.
కోపం అప్పటికే పోయింది.
కోపంతో పాటు ఇంకేదో కూడా.

వచ్చినవాళ్ళూ ఉన్నారు.
రంపపు మిల్లు సెవెరిన్
పెళ్ళిళ్ళకి తప్ప గడప తొక్కనివాడు
కోటుకి బిళ్ళ పెట్టుకుని ఇప్పుడు ముందు బెంచీలో.
విశ్వాస సంగ్రహం చెప్పేటప్పుడు
అతని పెదాలు అందరికన్నా అర మాట వెనక.
అతనికీ ఒక గింజే వేశాను.
గింజకి ఏం తెలుసు!

ఫారంలో గళ్ళు రెండే:
ఎందరు వచ్చారు,
ఎందరు సత్ప్రసాదం తీసుకున్నారు.
ఎందుకొచ్చారన్న గడి ఉంటే
ఏం రాసేవాణ్ణో నాకూ తెలీదు.

ఏటా మొదటి గింజ నాది.
తలుపు తీయగానే వేసేసేవాణ్ణి, ఆలోచన లేకుండా,
చెప్పులు విప్పినట్టు.
ఈ ఏడు తీసి
వేళ్ళ మధ్య అలాగే పట్టుకున్నాను.
పాటలయ్యాయి, ప్రసంగమైంది, గంట కూడా ఒంటి చేత్తోనే కొట్టాను.

సాయంత్రం, సంతకం చేస్తూ
ఫాదర్ తలెత్తకుండా అడిగాడు:
"నూట పదకొండు. నీతో కలిపేనా?"
కలిపే, అన్నాను.

గింజ ఇంకా పిడికిట్లోనే ఉంది,
చెమటకి తొక్క మెత్తబడి.